రాగిరేకు మీద లేని బాణీ

సంచికకు వ్యాసం పంపమని మన సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, కరెంటు ఇంజనీరుని కాబట్టి మన పల్లెలకు కరెంటు వచ్చిన కథ రాస్తాననుకున్నారు. అది నాకంటే బాగా చెప్పగల పెద్దలు మనలో ఉన్నారు. నేను రాయదలచుకున్నది పాటల గురించి. అందరి నోళ్లలో నానే పాటలు కాదు. ఆళ్లగడ్డ దాటితే అహోబిలం అన్నంత దగ్గరలో పుట్టి పెరిగి కూడా మనలో చాలామంది ఒక్కసారైనా వినని పాటల గురించి.

ఇరవై ఏళ్లకు పైగా, తీరిక దొరికినప్పుడల్లా అన్నమాచార్యుల కీర్తనల పాత రికార్డులు, క్యాసెట్లు, సీడీలు పోగేసి వింటున్నాను. కచేరీల్లో తరచుగా పాడేవి కాకుండా, ఎక్కడో ఒక మూల మిగిలిపోయినవాటినే ఎక్కువగా వెతుకుతాను. విన్న ప్రతిదానికీ నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకుంటాను. పాడిందెవరు, బాణీ ఎవరిది, ఎన్ని చరణాలు పాడారు, ఏది వదిలేశారు. నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను. ఈ అలవాటుకు మొదలు మన బడిలోనే పడింది.

వార్షికోత్సవం రాత్రి

1985లో నేను పదో తరగతి. అప్పటికి మనది కర్నూలు జిల్లా. ఆ ఏడాది వార్షికోత్సవంలో నాటకానికి వేషాలు వేసుకోవడం ఆలస్యమైంది. జనం గోల చేస్తుంటే హెడ్మాస్టరుగారు మా తెలుగు అయ్యవారిని మైకు దగ్గరికి తోశారు. ఆయన పేరు రాయడం లేదు. ఆయన దగ్గర చదివినవాళ్లకు పేరు చెప్పనక్కరలేదు. ఆయన గొంతు సవరించుకుని అహోబిల నరసింహుడి మీద అన్నమయ్య కీర్తన ఒకటి పాడారు. పల్లవి, మూడు చరణాలు. తంబూరా లేదు, తాళం వేసేవాళ్లు లేరు. గోల చేస్తున్న జనం మెల్లగా సద్దుమణిగారు.

మా చిన్నాయన కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరు ఆ రోజు నా చేతిలో ఉంది. మైకుసెట్టు అతను ప్లగ్గు ఇవ్వలేదు. బ్యాటరీల మీదే నడిపి ఆ పాట పట్టాను. మర్నాడు స్టాఫ్‌రూము బయట అయ్యవారికి వినిపిస్తే ఆయన పకపకా నవ్వారు.

"ఇదేందిరా, నా గొంతు ఆడపిల్ల గొంతు మాదిరి ఉండాదే?"

"బ్యాటరీలు పాతవి సార్" అన్నాను. పాత బ్యాటరీలతో రికార్డరు మోటారు నెమ్మదిగా తిరిగింది, కొత్తవి వేసి వినిపిస్తే పాట పరుగెత్తింది. అప్పుడు అంత వివరంగా నాకూ తెలియదు. తర్వాత అడిగాను, "ఈ బాణీ ఎవరిది సార్?" అని.

"మా నాయన పాడేటోడురా. ఆయనకు ఎవరు నేర్పించినారో నేను అడగలేదు. నువ్వన్నా అడిగినావు."

ఆ జవాబులో ఎంత చరిత్ర ఉందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రేకుల మీద ఉన్నదేమిటి

అన్నమయ్య 1408లో తాళ్లపాకలో పుట్టి 1503లో పరమపదించారు. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రం ప్రకారం, అహోబిలంలో శఠకోప యతి దగ్గర ఆయన వేదాంతం చదువుకున్నారు. తిరుమలేశుడితో పాటు నరసింహుడు కూడా ఆయన పాటల్లో అంతగా కనిపించడానికి అదొక కారణం కావచ్చు. ఆయన రాసిన సంకీర్తనలు ముప్పైరెండు వేలని చిన్నన్నే చెప్పారు. ఈనాటికి దొరికినవి పన్నెండు వేలకు పైగా.

అవి దొరకడానికి కారణం రాగిరేకులు. కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో, అంటే పదహారో శతాబ్దంలో, పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో చిన్న అరలో భద్రపరిచారు. దాన్నే సంకీర్తన భండారం అంటాం. తర్వాత వాటిని పట్టించుకున్నవారు లేరు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెల్ దొర ఆ రేకుల మాట విని, అందులో వ్యాకరణ గ్రంథం ఉందేమోనని ఆశపడి చూపించాడు. దేవుడి పాటలే తప్ప ఇంకేమీ లేవని తేలింది. ఆయనకు పనికిరాలేదు. అవి మళ్లీ అరలోకే వెళ్లాయి.

ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివారు ఆ రేకులను వెలుగులోకి తెచ్చారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించే పనిలో పాలుపంచుకున్నారు. తిరుమల తిరుపతి దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది.

ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. రేకుల మీద సాహిత్యం ఉంది, ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. స్వరం లేదు. అంటే ఏ అక్షరం ఏ స్వరం మీద పడాలో, ఎక్కడ సాగాలో, ఎక్కడ విరగాలో చెప్పే ఆధారం లేదు. మా భాషలో చెప్పాలంటే, పేర్లు రాసి కొలతలు వేయని డ్రాయింగు అది.

రాగం పేరైనా ఉంది కదా అనుకోవచ్చు. ఆ రేకుల మీద సామంతం, సాళంగనాట, దేశాక్షి, రామక్రియ, కొండమలహరి, తెలుగుకాంభోది వంటి పేర్లు కనబడతాయి. ఇందులో కొన్ని ఇప్పుడు ఎవరూ పాడరు. ఇప్పటికీ ఉన్న పేర్లను కూడా నమ్మడానికి లేదు. ముఖారినే తీసుకోండి. 1550లో, విజయనగరంలో అళియ రామరాజు కాలంలో, రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. అందులో ముఖారి అంటే అన్నీ శుద్ధ స్వరాలే ఉన్న మేళం, ఇప్పటి కనకాంగి వంటిది. ఈనాటి గాయకులు పాడే ముఖారి ఖరహరప్రియలో పుట్టిన రాగం. పేరు ఒకటే, రూపు వేరు. మన ఊరి పాత పేరుతో ఇంకో చోట కొత్త ఊరు వెలిసినట్టు.

ఇది మన ఒక్కరికే జరిగిన నష్టం కాదు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో దక్షిణ ఫ్రాన్సులో ట్రూబదూర్ కవులు పాడుకున్న పాటలు సుమారు 2,500 మిగిలితే, బాణీతో సహా మిగిలినవి వాటిలో పదోవంతు మాత్రమే. పాట రాతలో బతుకుతుంది. బాణీ మాత్రం గొంతులో బతకాలి, లేదా దాన్ని రాసే పద్ధతి ఒకటి ఉండాలి. మనకు అన్నమయ్య బాణీలు గొంతుల్లో కొన్ని మిగిలాయనే చెప్పాలి. జో అచ్యుతానంద అనే జోలపాట పుస్తకాలు రాకముందే తల్లులకు తెలుసు. భజన మేళాల్లో కూడా కొన్ని నిలిచాయి. కానీ పన్నెండు వేలలో అవి ఎన్ని?

బాణీ కట్టినవాళ్లు

రికార్డుల చరిత్రను దీని పక్కన పెట్టి చూస్తే చిత్రంగా ఉంటుంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట పట్టాడు. తర్వాతి దశాబ్దాల్లో త్యాగయ్య కృతులు, జావళీలు, నాటక పద్యాలు నల్లని పళ్లేలకు ఎక్కాయి. ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే. అంత చిన్న చోట కూడా మన సంగీతం చాలా ఒదిగింది. కానీ గ్రామఫోను వచ్చిన తొలి రోజుల్లో అన్నమయ్య పాటలు ఇంకా అరలోనే ఉన్నాయి. అవి బయటికి వచ్చి, ఎవరో ఒకరు బాణీ కట్టి, అప్పుడు మాత్రమే యంత్రానికి ఎక్కగలిగాయి.

ఆ మొదటి పని చేసినవారిలో ముఖ్యులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. మన సీమవారే, అనంతపురం జిల్లా. మైసూరులో చాలాకాలం తెలుగు చెప్పి, తర్వాత తిరుపతి వచ్చి, వందకు పైగా కీర్తనలకు స్వరం కూర్చారు. పండితుడూ గాయకుడూ ఒకే మనిషిలో ఉండటం మన అదృష్టం. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. 1979లో కన్నుమూశారు.

తర్వాత రేడియో. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలైంది. పొద్దున్నే వచ్చే భక్తిరంజని వినని ఇల్లు ఆ రోజుల్లో అరుదు. బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివారు ఆ కేంద్రం నుంచి ఎన్నో అరుదైన రచనలను ఇళ్లలోకి పంపారు. నా నోటుబుక్కులో ఎక్కువ మార్కులు పడ్డవి గోపాలరత్నంగారి రికార్డింగులు. మాట ఎక్కడా నలగదు, రాగం ఎక్కడా పలచబడదు. వాద్యాల గోల లేదు.

1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల లాంగ్‌ప్లే రికార్డులుగా వచ్చింది. అందులో నానాటి బ్రతుకు విననివారు మనలో ఉండరు. దానికి రేవతి రాగంలో బాణీ కట్టినవారు నేదునూరి కృష్ణమూర్తిగారు. రేకు మీద ఆ పాటకున్న రాగం ముఖారి. ఇందులో తప్పేమీ లేదు. మన ఆళ్లగడ్డ శిల్పులు చేసే పని ఇలాంటిదే. ధ్యానశ్లోకంలో ఎన్ని చేతులో, ఏ చేతిలో ఏముందో ఉంటుంది. ముఖంలో కళ శిల్పిది. ఒకే శ్లోకానికి ఇద్దరు శిల్పులు రెండు విగ్రహాలు చెక్కుతారు. రెండూ దేవుళ్లే. నేదునూరివారు చెక్కిన విగ్రహం ఎంత బాగా కుదిరిందంటే, ఇప్పుడు ఆ పాటను ఇంకో రాగంలో ఊహించలేం.

నాకు కనబడిన చిక్కు కూడా అక్కడే ఉంది. మంచి రికార్డు ఒకటి వస్తే బాణీ గడ్డకడుతుంది. జనం అదే అన్నమయ్య బాణీ అనుకుంటారు. పాడేవాళ్లు అదే పాడతారు. రికార్డు చేసేవాళ్లు అమ్ముడుపోయే పాటనే మళ్లీ చేస్తారు. 1997లో అన్నమయ్య సినిమా వచ్చాక ఇది ఇంకా పెరిగింది. ఆ సినిమా వల్ల లక్షలమందికి అన్నమయ్య పేరు తెలిసింది, కాదనను. కానీ వేల పాటల సముద్రం మీద నాలుగైదు డజన్ల పాటల పడవ తిరుగుతోంది.

ఈ కట్టు తెంచడానికి జీవితమంతా పనిచేసినవారు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు. ప్రాజెక్టులో మొదటి నుంచీ ఉండి, ఆరు వందలకు పైగా కీర్తనలకు బాణీలు కట్టారు. 2025 మార్చిలో ఆయన పోయారు. ఆయన బాణీల్లో కొన్ని మరీ సులువుగా ఉన్నాయని నేనే ఒకప్పుడు నోటుబుక్కులో రాసుకున్నాను. పల్లెలో భజన మేళం ఒకటి ఆయన బాణీని పుస్తకం చూడకుండా పాడటం విన్నాక ఆ వాక్యం కొట్టేశాను. పదిమంది కలిసి పాడాలని కట్టిన బాణీని ఒంటరి కచేరీ కొలతతో కొలవకూడదు.

ఎలా వినాలి

నేను పాటించే పద్ధతి చెబుతాను. సంగీతం రాకపోయినా ఎవరైనా చేయగలిగిందే.

మొదట అట్ట చూడండి. బాణీ కట్టినవారి పేరు ఉందా? చాలా క్యాసెట్ల మీద గాయకుడి ఫొటో పెద్దది, స్వరకర్త పేరు లేదు. కొన్నిటి మీద సంప్రదాయ బాణీ అని రాసి వదిలేస్తారు. ఎవరి సంప్రదాయం, ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పేరు పోతే, నలభై ఏళ్ల క్రితం ఒక మనిషి కూర్చుని కట్టిన బాణీ, ఐదు వందల ఏళ్ల నాటిదిగా చలామణి అవుతుంది.

రెండోది, దేవస్థానం సంపుటం పక్కన పెట్టుకుని వినండి. రేకు మీద ఏ రాగం ఉంది, ఇక్కడ ఏది పాడారు? మార్చడం నేరం కాదు, మార్చినట్టు తెలియాలి.

మూడోది, చరణాలు లెక్కపెట్టండి. ఎక్కువ కీర్తనలకు మూడు చరణాలు. రికార్డుల్లో ఒకటి తప్పిపోవడం మామూలు. గ్రామఫోను పళ్లెం మీద చోటు లేదంటే అర్థం ఉంది. లాంగ్‌ప్లేలో ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా ఉంది, క్యాసెట్టులో ముప్పై, ఈనాటి కంప్యూటరులో హద్దే లేదు. అయినా తప్పిపోతోంది. చివరి చరణం పోతే మరీ నష్టం. ముద్ర ఉండేది అక్కడే. అహోబిల నరసింహుడి మీద పాట మొదలుపెట్టి, చివరి చరణంలో ఆ దేవుడే వేంకటేశుడు అని కలిపేయడం అన్నమయ్యకు అలవాటు. ఆ చరణం వదిలేస్తే పాట కొండ ఎక్కకుండా దారిలో ఆగినట్టే.

నాలుగోది మాట. ఈ పాటలు మన వాడుక తెలుగుకు దగ్గర. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవంలో నరసింహస్వామి పల్లకి మన పల్లెల మీదుగా తిరుగుతుంటే మన అవ్వలు మాట్లాడుకునే మాటలు అందులో దొరుకుతాయి. ఆ మాట వినబడకుండా కీబోర్డు మోత, గుహలో పాడినట్టు ప్రతిధ్వని పెడితే, ఎంత గొప్ప గొంతైనా నా పుస్తకంలో మార్కులు తగ్గుతాయి.

మిగిలిన నలభై సెకన్లు

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

1988లో నేను ఇంజనీరింగు హాస్టల్లో ఉన్నాను. కొత్త క్యాసెట్టు కొనే డబ్బులు లేవు. ఒక రాత్రి స్నేహితుడి దగ్గర కొత్త సినిమా పాటలుంటే, నా దగ్గరున్న క్యాసెట్టు పెట్టి వాటిని ఎక్కించుకున్నాను. అది అయ్యవారి పాట ఉన్న క్యాసెట్టు. క్యాసెట్టు వెనక రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరగ్గొడితే దాని మీద ఇంకేదీ ఎక్కదు. విరగ్గొట్టాలని నాకు తెలుసు. బద్ధకించాను.

తర్వాత సెలవులకు ఊరికి వచ్చినప్పుడల్లా అయ్యవారు అడిగేవారు, "ఉండాదా ఆ పాట?" అని. "ఉంది సార్" అనేవాణ్ణి. ఇంకోసారి పాడించుకుని పట్టుకోవచ్చు. అలా అడిగితే మొదటిది పోయిందని ఒప్పుకోవాలి. ఆ మాట నోటికి రాలేదు. ఉద్యోగం, పెళ్లి, బదిలీలు. 2009లో ఆయన పోయారని తెలిసింది.

ఆ వారమే ఇంట్లో పెట్టెలన్నీ వెతికి క్యాసెట్టు బయటికి తీశాను. సినిమా పాటలు అయిపోయాక టేపు చివర్లో కొంచెం చోటు మిగిలింది. అక్కడ నలభై సెకన్లు అయ్యవారి గొంతు ఉంది. చివరి చరణం సగం నుంచి, ముద్ర దాకా.

అప్పటికీ ఆడపిల్ల గొంతు మాదిరే ఉంది. దాన్ని సరిచేయడం మాత్రం నా వృత్తిలో పని. ఆ రాత్రి మైకుసెట్టు కరెంటు మీద నడిచింది. మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులు. ఆంప్లిఫయరులో అది రెట్టింపై వంద దగ్గర సన్నని గుంయ్ శబ్దంగా పాట వెనక పడింది. కంప్యూటరులో కొలిస్తే అది నూటఆరు దగ్గర కనబడింది. అంటే టేపు ఆరు శాతం వేగంగా తిరుగుతోంది, పాట సుమారు ఒక స్వరస్థానం పైకి పోయింది. గుంయ్‌మనే శబ్దాన్ని వందకు దించగానే అయ్యవారు అయ్యవారి గొంతుతో పాడారు. అది విని నేను కాసేపు లేవలేకపోయాను.

ఆ కీర్తనకు దొరికిన వేరే రికార్డింగులు రెండు విన్నాను. రెండిటి బాణీలూ వేరు. సంగీతం తెలిసిన ఇద్దరికి ఈ నలభై సెకన్లు వినిపించాను. ఒకరు ముఖారి ఛాయ అన్నారు, ఇంకొకరు ఆహిరి అన్నారు. పల్లవి ఉంటే తేలేది. అది అయ్యవారి నాయన కట్టిందా, ఏ భజన మేళంలోనో నేర్చిందా, ఇంకా వెనకటిదా, చెప్పడానికి ఆధారం లేదు. ఐదు వందల ఏళ్ల నాటి బాణీ అని చెప్పుకోవాలని ఎంత ఆశ ఉన్నా, నా దగ్గర ఉన్నది ఒక బడి, ఒక రాత్రి, 1985 అనే ఏడాది మాత్రమే. అదే కాగితం మీద రాసి ఫైలుతో పాటు పెట్టాను.

తిరుమల అరలో రేకులు నాలుగు వందల ఏళ్లు ఎవరూ ముట్టకపోయినా నిలిచాయి. టేపుకు అంత ఓపిక లేదు. అందుకే మన సంఘానికి ఒక మనవి. మీ ఇళ్లల్లో అటకల మీద ఉన్న క్యాసెట్లు ఒకసారి దించండి. వార్షికోత్సవాలు, భజనలు, పెళ్లిపాటలు, అవ్వల జోలపాటలు, అయ్యవార్ల పాఠాలు, ఏవైనా సరే. వెంటనే వేసి వినకండి. బూజు పట్టిన టేపు తెగిపోతుంది. ముందు వెనక పలకలు విరగ్గొట్టండి. పాడినవారి పేరు, ఊరు, ఏడాది ఒక చీటీ మీద రాసి జతచేయండి. గుర్తులేనిది గుర్తులేదనే రాయండి. వాటిని కంప్యూటరుకు ఎక్కించే పని నేను చేస్తాను, క్యాసెట్టు మళ్లీ మీ ఇంటికే చేరుస్తాను. ఇంకా పాడగలిగిన పెద్దలుంటే ఫోనులోనే పట్టండి, పల్లవి నుంచి ముద్ర దాకా. పాట అయ్యాక, ఎవరు నేర్పించారని తప్పకుండా అడగండి.

స్వర్ణోత్సవం రోజున మన బడి ఆవరణలో ఆ నలభై సెకన్లు వినిపించడానికి సంఘం ఒప్పుకుంది. ఆ రాత్రి జనంలో కూర్చుని ఆ పాట విన్నవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. పల్లవి ఎలా మొదలైందో ఎవరికైనా చెవిలో మిగిలి ఉంటే, గొంతు బాగాలేదని సిగ్గుపడకుండా నా దగ్గరికి రండి. రికార్డరు నా జేబులోనే ఉంటుంది.